చెలమ దాటినాక

తెల్లారుజామున నాలుగున్నరకు సుత్తి భుజాన వేసుకుంటా.
స్పానరు, రెండు జెండాలు,
మంచు పడితే పట్టా మీద పెట్టే టపాకాయలు మూడు,
గుడ్డలో మూటగట్టిన కొర్రన్నం, ఒక ఎర్రగడ్డ.
టేసను ఎనకాల మిగిలిపోతాది.
పేరు చూడు, చెలమ.
ఇసకలో చేత్తో తోడితే ఊరే నీళ్ళు.
ఇప్పుడు ఆడ బోరింగు ఉండాది, అది ఊరదు.

పట్టా మీద కొట్టుకుంటా పోతా.
కంగుమంటే ముందుకు.
డబ్బుమంటే వంగి చూడాల.
"పట్టా దగ్గిందంటే నిలబడు" అనేవాడు మా నాయన పాపన్న,
మీటరుగేజి కాలం మనిషి.

ఆయన నడిచిన దారి ఇది కాదు.
అది ఇంకా పైన,
కొండ నడుముకు మొలతాడు మాదిరి చుట్టుకొని పోయేది.
లోయ మీద ఎత్తు వంతెన.
బండి దాని మీదికి రాంగానే
ఆడోళ్ళు పిల్లోళ్ళ మొగాల మీద కొంగు కప్పేవాళ్ళంట,
మొగోళ్ళు చిల్లర విసిరేవాళ్ళంట కిందికి,
ఎవురికి మొక్కుతాండారో వాళ్ళకే తెలీకుండా.
మాయిటాల మా నాయన లోయలోకి దిగి
ఆ పైసలు ఏరుకొచ్చేవాడు.
మా చిన్నక్క కాలి కడియాలు ఆ భయం డబ్బే.
ఇప్పుడు వంతెన కాళ్ళు మాత్రం నిలబడి ఉండాయి లోయలో,
నడుం లేకుండా.

పోయిన వారం గుంటూరు నించి సార్లు వచ్చినారు.
బండికి అద్దాల పెట్టె తగిలిస్తారంట,
పైకప్పు గూడా అద్దమేనంట,
కుర్చీ గిర్రున తిరుగుతాదంట.
గాజులపల్లె కాడ ఎక్కి, సొరంగంలో కేకలేసి,
దిగువమెట్ట కాడ టీ తాగి ఎనక్కి పోతారంట.
"మద్దిలేటీ, నీకు తెలీనిదేముంది,
యాడ ఆపితే బాగుంటాది?"
అడిగినాడు కుర్ర ఇంజనీరు,
టోపీ తీసి చెమట తుడుచుకుంటా.

తెలిసిందంతా ఒక్కసారే గొంతుకు అడ్డం పడింది.

సొరంగం నోటికాడ ఎండాకాలం గూడా నీళ్ళు కారే గోడ.
దానికి చెవి ఆనిస్తే
గిద్దలూరు పక్క బండి కనపడక ముందే
వణుకు తెలుస్తాది.
ఇప్పపూలు రాలే మలుపు.
సీతాఫలాల కాలంలో చెంచు గురవమ్మ
గంప దించి కాళ్ళు చాపుకునే రాయి,
నా పట్టాలను ఎక్కిరిచ్చినట్టు
కాయ కాయనూ వేలితో నొక్కి "ఇది పలికింది" అంటాది.
పులా?
ఇరవై ఆరేండ్లలో తోక ఒక్కసారి చూసినా,
మిగతాదంతా నా భయమే గీసుకునింది.
హుసేనయ్య జారిన కల్వర్టు.
ఆ పొద్దు వాన.
అతని ఎడమకాలి బూటు మూడో నాడు దొరికింది,
తాడు ముడి విప్పకుండా.

ఇవేమీ చెప్పల్యా.
"ఆ వంపులో బాగుంటాది సార్" అన్యా.
నిజంగానే బాగుంటాది,
కొండ మీద కొండ, దాని మీద తడి మబ్బు.
సారు ఫోటో తీసుకున్యాడు.
నన్ను రొంత పక్కకు జరగమన్యాడు,
నా ఆరంజి చొక్కా అడవికి అడ్డమొస్తాందని.

ఇంతలో ప్యాసింజరు.
రాళ్ళ మీదికి దిగి పచ్చజెండా చాపినా.
కిటికీలు, కిటికీలు,
నిద్రమొగాలు, బొరుగులు నమిలే నోళ్ళు.
ఒక పిల్ల కడ్డీల సందులోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది.
నా జెండా ఊగతానే ఉండాది.
అది రూలని ఆ పిల్లకు తెలీదు,
మెడ తిప్పి తిప్పి నవ్వుకుంటా పోయింది.
నేనూ చెప్పొచ్చినానా ఏమి!

ఒక్క చోటు మాత్రం సారుకు చూపించల్యా.
చీకటి ఇడిచీ ఇడవక ముందు
ఎలుగ్గొడ్డు పిల్లల్ని ఈపున ఎక్కించుకొని
పట్టా దాటే చోటు.
ఆడికి వచ్చినాక నేను గూడా సుత్తి ఎత్తను.
కంకర కిర్రుమనకుండా చెక్క మీదనుంచి చెక్క మీదికి నడిచి
మోకాళ్ళ మీద కూసుంటా.
ఆ నాలుగు క్లిప్పులూ
చేత్తోనే తడిమి చూసుకుంటా.